కొండనాలుక కనబడుతోందా?

ఆడవాళ్లకు ఊహ తెలిసింది మొదలు ఎక్కువగా వినబడే మాట 'నోరు మూసుకో' అన్నదే. పుట్టింట్లో ఒకరు, అత్తింట్లో ఒకరు, ఆఖరికి కడుపున పుట్టినవాళ్లు కూడానూ. అలాంటిది "ఎంత తెరవగలరో అంత తెరవండమ్మా" అని బతిమాలే మనిషి ఒకడున్నాడు. ఆపరేషనుకు మత్తు ఇచ్చే డాక్టరు.

ముస్తాబాదులో బీడీలు చుట్టి నలుగురు పిల్లల్ని పెంచిన మా అత్తమ్మకు పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. కరీంనగరులో ఆపరేషను. ముందురోజే మత్తు డాక్టరు వచ్చి, ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, "పెద్దమ్మా, నోరు మంచిగ తెరువుండ్రి. నాలుక బయటికి పెట్టుండ్రి. 'ఆ' అనొద్దు" అన్నాడు. అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది.

"రాళ్లు కడుపుల ఉంటే నోట్లె ఏం జూస్తడే?"

న్యాయమైన ప్రశ్నే కదా! డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. మత్తులో కండరాలు సడలి నాలుక వెనక్కి జారుతుంది. మందులతో ఊపిరీ ఆగుతుంది. అందుకని గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి ఊపిరి వాళ్లే నడిపిస్తారు. కొందరికి అది చిటికెలో పోతుంది, కొందరికి దారే దొరకదు. ప్రాణవాయువు అందక నిమిషాలు గడిస్తే మెదడుకే ముప్పు. ఆ దారి ఎలాంటిదో మనిషి మెలకువగా ఉండగానే చూసుకోవాలి.

దానికో పరీక్ష ఉంది. పేరు వినండి, మల్లంపాటి! గుంటూరు జిల్లాలో పుట్టి అమెరికా వెళ్లిన డాక్టరు మల్లంపాటి శేషగిరిరావు 1983లో ఈ ఊహ బయటపెట్టి, 1985లో 210 మందిని పరీక్షించి ప్రకటించాడు. నాలుక మొదలు కొండనాలుకను కప్పేస్తే గొట్టం వేయడం కష్టం కావచ్చని. మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత తప్ప కొండనాలుకకు వేరే పని ఉందని నాకు అంతవరకూ తెలియదు! అన్నీ నిండుగా కనబడితే ఒకటో తరగతి. మెత్తని అంగిలి కూడా కనబడకపోతే నాలుగోది; దాన్ని 1987లో వేరేవాళ్లు చేర్చారు. తరగతి పెరిగేకొద్దీ చిక్కు. బడి గడప తొక్కని మా అత్తమ్మ ఏకంగా మూడో తరగతిలో పడింది.

ఒక్క కొండనాలుకనే నమ్ముకోకూడదట. నోరెంత తెరుచుకుంటుందో, మెడ ఎంత వంగుతుందో, గడ్డానికీ గొంతుముడికీ ఎంత ఎడముందో వేళ్లతో కొలిచాడు. గురక ఉందా అంటే అత్తమ్మ "లేదు సారూ" అంది. తలుపు దగ్గర మామయ్య దగ్గాడు.

"పండ్లేమన్న కదుల్తున్నయా?"

"లేవు."

పైవరుసలో ముందు పన్ను కదులుతోందని నాకు తెలుసు. మూడేళ్లుగా పెదవి విప్పకుండా నవ్వుతోంది. ఆమె నావైపు చూసిన చూపు ఏ కోడలికైనా అర్థమవుతుంది. పరాయి మగవాడి ముందు అత్తగారి గుట్టు విప్పడమా? గొట్టం వేసేటప్పుడు ఆ పన్ను ఊడి ఊపిరితిత్తుల్లోకి జారితే?

"పైన ముందు పన్ను కదుల్తది సార్. గురక గూడ ఉంది" అనేశాను.

ఆయన నవ్వలేదు, రాసుకున్నాడు. కెమెరా ఉన్న పరికరం సిద్ధం చేయమన్నాడు, తోడుకు ఇంకో డాక్టరును రమ్మన్నాడు. పన్ను ఆ సాయంత్రమే తీయించారు. అత్తమ్మ నాతో మాట్లాడడం మానేసింది. పొద్దున్నే మా ఆడపడుచు "పాపం, రెండు బుక్కలు తినని" అంటూ టిఫిన్ డబ్బా తెచ్చింది. ఆరు గంటల ముందు నుంచి తిండి కూడదు, కడుపులో ఉన్నది మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని చెప్పి, ఆ డబ్బా దాచేసరికి ఆమెకూ కోపం.

బయట బల్ల మీద కూర్చుంటే ఎప్పుడో చదివిన సంగతి గుర్తొచ్చింది. 1888, 1889లలో హైదరాబాదులో నిజాం పోషణలో క్లోరోఫారం మీద పరీక్షలు జరిగాయి. నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టండని డాక్టరు ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టాడు. క్లోరోఫారం గుండెనూ దెబ్బతీస్తుందని తర్వాత తేలిందనుకోండి. ఆ కాలంలోనే హైదరాబాదులో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్శీ వనిత మత్తు ఇచ్చే డాక్టరయింది. లోపల మా అత్తమ్మ ఊపిరిని ఇప్పుడెవరు కనిపెడుతున్నారో అని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

గొట్టం రెండో ప్రయత్నంలో పడిందట. సాయంత్రానికి అత్తమ్మ కళ్లు తెరిచి, బొంగురు గొంతుతో నన్నే పిలిచింది.

"నా పన్నేదే?"

కాగితంలో పొట్లం కట్టి దాచాను, ఇచ్చాను. ముస్తాబాదు చేరేదాకా అది ఆమె కొంగు ముడిలోనే ఉంది.