ఆలుగడ్డ గజ్జికి మూలం మట్టిలోనే

గజ్జి తెగులు సోకిన ఆలుగడ్డ కుళ్లదు. జబ్బంతా తోలు మీదే. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా తోపుడుబండ్ల దగ్గర ఆగి, గుట్టలో చెయ్యి పెట్టి ఏరితే అలాంటివి ఒకటో రెండో బయటపడతాయి. గోధుమరంగు గరుకు మచ్చలు, గోటితో గీకితే బెండులా పొడిపొడిగా రాలే పెచ్చులు. కర్రీ పాయింట్లకు, హాస్టళ్లకు బస్తాల్లో కొనేవాళ్లకు అవి నచ్చవు. తోలు కాస్త మందంగా చెక్కితే కూరకు ఏ లోటూ రాదు. ధర తెగ్గోసుకుని నష్టపోయేది మాత్రం రైతే.

ఈ మచ్చలకు కారణం స్ట్రెప్టోమైసిస్ స్కేబీస్ అనే బాక్టీరియా. తొలకరికి నేల నుంచి లేచే కమ్మటి వాసన కూడా ఈ జాతి బాక్టీరియా చలవే. గజ్జి కలిగించే రకాలు థాక్స్‌టోమిన్ అనే విషాన్ని వదులుతాయి. లేత దుంపలో కణాల గోడలు దానివల్ల సరిగా కట్టుకోవు. దెబ్బతిన్న చోట దుంప పొర మీద పొర వేసుకుంటుంది. మనకు కనిపించే పెచ్చు అదే.

మట్టి పీహెచ్ 5.2 కంటే తగ్గితే మామూలు గజ్జి పెద్దగా రాదు. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో, మాగని పశువుల ఎరువు వేసిన చోట పెరుగుతుంది. నీటిదీ పెద్ద పాత్రే. దుంప ఊరడం మొదలైన తొలి వారాల్లో బోదెలో తడి ఆరకపోతే ఇతర బాక్టీరియా దుంప మీద చేరి గజ్జి క్రిమికి చోటివ్వవు. అలాగని నీళ్లు నిలవనిస్తే మరో ప్రమాదం. గాలి అందని మట్టిలో పెక్టోబాక్టీరియం అనే మరో బాక్టీరియా విజృంభించి దుంపను మెత్తగా కుళ్లబెడుతుంది. తెలంగాణలో ఆలు ఎక్కువగా పండే జహీరాబాద్ ప్రాంతంలో రబీ రైతుకు ఈ తడి లెక్క కుదరడమే అసలు పరీక్ష.

మేలు చేసే సూక్ష్మజీవులూ ఆ మట్టిలోనే ఉంటాయి. అమెరికాలోని మిన్నెసోటాలో ఏళ్ల తరబడి ఆలే వేసిన ఒక పొలంలో గజ్జి దానంతటదే తగ్గింది. హాని చేయని స్ట్రెప్టోమైసిస్ రకాలు అక్కడ పెరిగి, తమ యాంటీబయాటిక్‌లతో తెగులు క్రిమిని అణచాయని శాస్త్రవేత్తలు తేల్చారు. దీన్ని చూసి మన రైతులు పంట మార్పిడి మానకూడదు. ఎందుకంటే ఆలుకు ఎండు తెగులు తెచ్చే రాల్‌స్టోనియా అనే బాక్టీరియా టమాటా, వంకాయ, మిరపల మీదా బతుకుతుంది. కాబట్టి ఆలు తీసిన పొలంలో వాటికి బదులు జొన్న, మొక్కజొన్న వేయడమే మేలు.

గడ్డ మీద ఒకసారి పడిన మచ్చను ఏ మందూ చెరపలేదు. కాబట్టి రైతులు విత్తనం కొనకముందే భూసార పరీక్ష చేయించాలి, మచ్చలున్న విత్తన గడ్డలను ఏరి పారేయాలి.