మూడు ఇనుప బోనుల ఊరు

జర్మనీ దేశంలో వెస్ట్‌ఫాలియా ప్రాంతాన మ్యూన్‌స్టర్ అని ఒక పాత పట్టణం ఉన్నది. సైకిళ్ళకు పెట్టింది పేరు. అక్కడి పెద్దబజారులో కమానుల కింద దుకాణాలు చూసుకుంటూ వీధి కొసకు వెళ్ళి తలెత్తితే, సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురం కనబడుతుంది. గడియారానికి పైన మూడు ఇనుప బోనులు వేలాడుతుంటాయి. ఒక్కొక్కటీ మనిషి పట్టేటంత ఉంటుంది. 1536 జనవరిలో వాటిలో మనుషుల శవాలనే పెట్టారు.

ఆ కథ భక్తితోనే మొదలైంది. పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తే చాలదు, బుద్ధెరిగిన మనిషి తానుగా నమ్మి పుచ్చుకోవాలి అనేవారిని అనాబాప్టిస్టులు అనేవారు. ఇందులో ఎవరికి కీడు? అయినా 1529లో సామ్రాజ్య సభ వారికి మరణశిక్ష శాసించింది. ఊరూరా తరిమివేతకు గురైన ఆ జనానికి 1534లో మ్యూన్‌స్టర్ చేజిక్కింది.

బాధపడ్డవాళ్ళకు ఎదుటివాడి బాధ తెలుస్తుందనుకుంటాం. జరిగింది వేరు. హార్లెమ్ నుంచి వచ్చిన రొట్టెలవాడు యాన్ మాథిస్ తాను ప్రవక్తనన్నాడు. మళ్ళీ బాప్తిస్మం పుచ్చుకోనివాళ్ళను ఫిబ్రవరి చలిలో వెళ్ళగొట్టించాడు. బైబిలు తప్ప తక్కిన పుస్తకాలన్నీ తగలబెట్టించాడు. ఈస్టరుకు లోకానికి తీర్పు అన్నాడు. ఈస్టరు వచ్చింది, తీర్పు రాలేదు. దేవుడున్నాడన్న ధీమాతో కొద్దిమందిని వెంటబెట్టుకొని, ఊరిని ముట్టడించిన బిషప్పు సైన్యం మీదికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు.

అంతటితో జనం కళ్ళు తెరవవలసింది. కాని, లైడెన్ నుంచి వచ్చిన పాతికేళ్ళ దర్జీ యాన్ ఆ స్థానం అందుకొని, ఆ సెప్టెంబరులో రాజునని ప్రకటించుకున్నాడు. పదహారుమందిని పెళ్ళాడాడు. అతడి మాట కాదంటే దేవుడి మాట కాదన్నట్టే. అందుకు శిక్ష మరణం. ఊరంతా ఆకలితో మాడుతున్న రోజుల్లో తనను తప్పుపట్టిన భార్య ఎలిజబెత్ తలను బజారులో తానే నరికాడని చరిత్రకారులు వ్రాశారు.

1535 జూన్‌లో ఊరు బిషప్పు వశమైంది. ఆయన సైనికులూ దయ చూపలేదు. దొరికినవాళ్ళను దొరికినట్టు చంపారు. యాన్‌నూ, అతడి అనుచరులిద్దరినీ పెద్దబజారులోనే కాల్చిన పట్టకారులతో హింసించి చంపి, శవాలను ఆ బోనులకెక్కించారు. ఇదీ దేవుడి పేరిటే!

సరిగ్గా ఆ జనవరిలోనే మెన్నో సైమన్స్ అనే డచ్చి మతాచార్యుడు తన పదవి వదిలి అనాబాప్టిస్టులలో చేరాడు. కత్తి పట్టరాదని బోధించాడు. ఆయన పేరిట మెన్నొనైట్లు ఏర్పడ్డారు. మన మహబూబ్‌నగర్ వైపు ‘ఎం.బి. చర్చి’ అని పిలిచేది ఆ సంప్రదాయపు శాఖే. జడ్చర్లలో ఆస్పత్రి కట్టినదీ వారే. బాప్తిస్మం గురించి యాన్ నమ్మినదే మెన్నో కూడా నమ్మాడు. తీర్పు మాత్రం దేవుడికి విడిచిపెట్టాడు.

చర్చికి కూతవేటు దూరంలో పురమందిరం ఉన్నది. ముప్పై ఏళ్ళు సాగిన యుద్ధాన్ని ముగించిన 1648 నాటి సంధి చర్చల జ్ఞాపకంగా అందులో ‘శాంతి మందిరం’ చూపిస్తారు. బోనులను మాత్రం ఊరివాళ్ళు దింపలేదు. 1987లో ఒక శిల్పి వాటిలో మూడు చిన్న దీపాలు పెట్టాడు. మ్యూన్‌స్టర్ వెళ్ళేవారు శాంతి మందిరంతో సరిపెట్టుకోక, చీకటి పడ్డాక ఆ దీపాలను కూడా చూసి రావాలి.