దెబ్బ తిన్న జంతువు ఎటు పోతుంది?

తుపాకుల గురించి మగవాళ్ళు మాట్లాడుకునే చోట మనం ఉండం. ఉన్నా టీ ఇచ్చి వచ్చేస్తాం. ఏ బోరు, ఎంత బరువు తూటా, ఎన్ని గజాల దూరం అన్న మాటలు మనవి కావనుకుంటాం, పోపు లెక్కలు తమవి కావని వాళ్ళు అనుకున్నట్టే. నిరుటి నుంచి ఆ మాటలు నేను పట్టుబట్టి నేర్చుకుంటున్నాను. వేట మీద మోజు పుట్టి కాదు. ఇబ్రహీంపట్నం దాటాక మా పెద్దమ్మకి ఉన్న నాలుగెకరాల మక్కచేనులో అడివి పందులు పడుతున్నాయి. వాటిని కాల్చాలని ఇంట్లో మగవాళ్ళు తీర్మానించారు. ఏ తుపాకితో, ఏ తూటాతో అన్న చర్చ వారం రోజులు నడిచింది. ఆ వారంలో పెద్దమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. దానికి వెంటనే జవాబు చెప్పగలిగినవాళ్ళు ఆ గదిలో లేరు.

నేనుండేది బడంగ్‌పేట్‌లో. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు ప్లాట్ల నంబర్లు. మాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, విజయవాడ రోడ్డు పక్కన, మహావీర్ హరిణ వనస్థలి ఉంది. నిజాం కాలంలో అది దొరవారి సొంత వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు, 1994లో జాతీయ పార్కు చేశారు. ఇప్పుడు పిల్లల్ని తీసుకుపోయి కృష్ణజింకల్ని చూపిస్తాం. వేట గురించి మనకు మిగిలిన జ్ఞాపకం కూడా అలాంటిదే, చూడ్డానికి బాగుండేది. ఆరో నిజాం ఆస్థానంలో ఉన్న రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన షికారు ఫోటోలు పుస్తకాల్లో చూసే ఉంటారు. 1902లో కర్జన్ ప్రభువు నిజాం రాజ్యంలో పులిని కొట్టి భార్యతో కలిసి దిగిన ఫోటో వాటిలో ఒకటి. (అదే దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషావిడ చేతికి అప్పగించాడు. ఆ సంగతి మరోసారి ఎవరైనా వివరంగా రాయాలి.) షికారు ఫోటోల్లో నన్ను పట్టేసిన విషయం ఒకటుంది. చచ్చిన జంతువే ఫోటోలో ఉంటుంది. దెబ్బ తిని తప్పించుకుపోయినది ఉండదు.

పెద్దమ్మ ప్రశ్న సరిగ్గా దాని గురించే. "దెబ్బ తిన్నది ఎటు పోతది?" అంది. "పొద్దుగాల చేన్ల అడుగుపెట్టేది మేము గదా. మీరు రాత్రి కాల్చి పోయి పండుకుంటరు. అది మక్కల నడుమ పండుకుంటది. కంకులు విరవనీకి పోయిన ఆడోళ్ళ మీదికొస్తది."

ఇంత పాత ప్రశ్న మన సాహిత్యంలోకి ఎందుకు రాలేదో గాని, వేట సాహిత్యంలో మాత్రం ఉంది. జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ ఆడపులిని చంపాడు. దాని పేరున చెప్పే మరణాలు 436. ఆ కొండల్లో గడ్డికి, కట్టెలకు, ఆకుకు అడవిలోకి వెళ్ళేది ఆడవాళ్ళు కాబట్టి పులి నోట పడ్డవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. చచ్చాక దాని నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరపళ్ళు రెండూ విరిగి ఉన్నాయట, పైది సగానికి, కిందిది ఎముక దాకా. పాత తుపాకి దెబ్బ. దాంతో తన సహజమైన ఆహారాన్ని వేటాడలేకపోయిందని కార్బెట్ 1944లో వచ్చిన పుస్తకంలో రాశాడు. ఎవడో ఒకడు ఏదో ఒక సాయంత్రం తప్పుడు కోణంలోనో, చాలని తూటాతోనో కాల్చి ఇంటికి పోయాడు. అతని పేరు చరిత్రలో లేదు. ఆ ఒక్క దెబ్బకి వెల కట్టింది మాత్రం గడ్డి కోసే ఆడవాళ్ళు.

తూటా ఎంపిక అంటే నాకు అర్థమైనంతలో ఇదే. మిగతాదంతా లెక్క. ఆ లెక్క కష్టమేమీ కాదు, కష్టమని మనల్ని నమ్మించారంతే.

తెలుగులో తూటా అన్న ఒక్క మాటనే రెంటికీ వాడతాం. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే క్యాప్, లోపల మందు, కొనన సీసపు ముక్క, ఇవన్నీ కలిపి కార్ట్రిడ్జ్. అందులోంచి ఎగిరిపోయే ముక్క ఒక్కటే బుల్లెట్. మగవాళ్ళ చర్చంతా మొదటిదాని మీద నడుస్తుంది, ఎందుకంటే దానికి పేరు, పరువు ఉంటాయి. జంతువు శరీరంలో పనిచేసేది రెండోది.

ఆ రెండోది రెండు రకాలు. సైన్యం వాడే దానికి సీసం చుట్టూ గట్టి లోహపు తొడుగు మొన దాకా ఉంటుంది. అది సన్నగా గుచ్చుకుని అవతలికి పోతుంది. వేట బుల్లెట్‌కి మొన దగ్గర సీసం బయటికి కనబడుతుంది. ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని దాదాపు రెట్టింపు వెడల్పవుతుంది. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో బ్రిటిష్ వాళ్ళ ఆయుధ కర్మాగారం 1890లలో ఇలాంటి విచ్చుకునే బుల్లెట్లు చేసింది. వలస యుద్ధాల్లో మన సరిహద్దు తెగల మీద వాడడానికి! 1899లో హేగ్‌లో కూర్చున్న రాజ్యాలు యుద్ధంలో వాటిని వాడకూడదని ప్రకటన చేశాయి. మనిషి విషయంలో క్రూరమని నిషేధించినదే జంతువు విషయంలో దయ ఎలా అయిందని నేను చాలా రోజులు ఆలోచించాను. గాయపడ్డ సైనికుడికి వెనక డేరా ఆసుపత్రి ఉంటుంది, కనీసం ఉండాలని ఒప్పుకున్నారు. పందికి అలాంటిదేమీ లేదు. దానికి చిన్న గాయమంటే మూడు రోజుల చావు.

ఇక బోరు సంగతి. మన దేశంలో సైన్యం వాడిన .303 లాంటివి మామూలు లైసెన్సుకి ఇవ్వరు. అందుకే ఈశాపూర్ రైఫిల్ కర్మాగారం .315 వేట రైఫిల్ చేసింది. దాని బుల్లెట్ 244 గ్రెయిన్లు, అంటే పదహారు గ్రాములకి కాస్త తక్కువ. నిదానంగా పోయే బరువైన ముక్క. వంద గజాల లోపల పందికి, జింకకి అది చాలు. దూరం పెరిగితే త్వరగా కిందికి వంగుతుంది. అమెరికా సైన్యం 1906లో తీసుకున్న థర్టీ-నాట్-సిక్స్ అంతకంటే వేగం. 180 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి దాదాపు 820 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. రెండు వందల గజాలకు గురి సరిచేసి పెట్టుకుంటే మూడు వందల గజాల దగ్గర ఎనిమిది అంగుళాల దాకా కిందికి పడుతుంది. గుండెకని గురిపెట్టింది కాలికో కడుపుకో తగలడానికి ఆ ఎనిమిది అంగుళాలు చాలు. మధ్యస్థ దూరం అంటే ఎంత అని పుస్తకాల్లో వెతికి వేసారాను గానీ, నా మట్టుకు అది తుపాకి దూరం కాదు. ఆ రాత్రి, ఆ వెలుతురులో, ఆ మనిషి చెయ్యి వణక్కుండా కొట్టగల దూరం.

1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ గురించి మా బావ ఒక గంట మాట్లాడాడు. మూడు వందల గ్రెయిన్లు, అడివి దున్నల్ని పడగొడుతుందని. కొట్టాల్సింది పందినే గదా అన్నాను. పెద్ద బోరు మగతనానికి కొలబద్ద అవడం కొత్తేమీ కాదు. భుజాన్ని గుర్రంలా తన్నే రైఫిల్‌కి జడిసి, మీట నొక్కే క్షణాన కళ్ళు మూసుకునేవాళ్ళు చాలామంది ఉంటారని షూటర్లే ఒప్పుకుంటారు. కార్బెట్ దగ్గర పెద్ద రెండు గొట్టాల రైఫిల్ ఉన్నా, ఆయన ఇష్టపడి మోసిన .275 రిగ్బీ బుల్లెట్ 140 గ్రెయిన్లే. మన బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టర్‌తో తిరిగాడు, బుల్లెట్ మూడు వందల గ్రెయిన్లు. ఇద్దరూ అడవిలో కాలినడకన గంటలకొద్దీ ఓపిక పట్టినవాళ్ళు. వాళ్ళ రైఫిళ్ళ పేర్లు కంఠస్థం చేసినవాళ్ళకి ఆ ఓపిక ఎందుకు పట్టదో మరి.

2018లో యవత్మాల్ ఆడపులి టీ-1, అవని అని అందరూ పిలిచినది, నవంబరు 2 రాత్రి చచ్చిపోయినప్పుడు మనలో చాలామందిమి బాధపడ్డాం, కొందరం రాశాం. ఆ వేటకి పిలిపించినది హైదరాబాదుకి చెందిన షఫత్ అలీ ఖాన్‌ని, కాల్చింది ఆయన కొడుకు. రెండు పిల్లల తల్లి అని మనం రాశాం. దాని పేరిట చెప్పిన పదమూడు మరణాల్లో మొదటిది పత్తిచేలో శవమై దొరికిన ఒక ముసలమ్మదని ఎంతమందిమి రాశాం? తర్వాత చర్చంతా తూటా ఏ వైపు నుంచి దిగింది, పులి ఎటు తిరిగి ఉంది అన్న దాని మీద జరిగింది. చిన్న సాంకేతిక విషయంగా కొట్టిపారేశాను అప్పుడు. పెద్దమ్మ దగ్గర కూర్చున్నాక, అడగాల్సిన ప్రశ్న అదేననిపిస్తోంది.

పందుల విషయంలో చట్టం దారి ఇచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద, పంటకి ప్రమాదమైనప్పుడు అధికారి రాతపూర్వకంగా అనుమతించవచ్చు. 2022 సవరణ తర్వాత అడివి పంది రెండో షెడ్యూలులో ఉంది. చచ్చిన పంది మీద హక్కు ప్రభుత్వానిదే, మాంసం మనది కాదు. ఇంత తతంగమెందుకని ఊళ్ళలో కరెంటు తీగ పెడతారు. ఆ తీగకి పందులే కాదు, చీకట్లో నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన మనుషులూ చస్తారు. పెద్దమ్మ తీగ వద్దంది. భూమి కొడుకు పేర ఉంది కాబట్టి దరఖాస్తు కూడా కొడుకు పేరనే వెళ్ళింది.

వచ్చిన షూటర్ డెబ్బై దాటిన మనిషి. అన్న పన్నెండు బోరు తుపాకి, పెద్ద గుళ్ళ కార్ట్రిడ్జ్‌లు చాలన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ముప్పై నలభై గజాలు దాటితే గుళ్ళు చెదిరిపోతాయి, ముసలి మగపందికి భుజం మీద డాలులాంటి మందపు పొర ఉంటుంది, ఒకటి రెండు గుళ్ళు తగిలి పారిపోతుందన్నాడు. పెద్దమ్మ ప్రశ్న ఆయనకి మళ్ళీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మా, అది నేను అడగాల్సింది" అని మాత్రం అన్నాడు. థర్టీ-నాట్-సిక్స్, 180 గ్రెయిన్ల మెత్తమొన బుల్లెట్ అని తేల్చాడు. అయితే గురి తప్పితే అది మూడు కిలోమీటర్లకు పైగా పోతుంది. మా చేను చుట్టూ బల్లపరుపు నేల, అవతల కొత్త వెంచర్ల గేట్లు, వాచ్‌మన్ల గుడిసెలు. నేల మీద నిలబడి కాల్చడం కుదరదు.

దారి చూపింది పెద్దమ్మే. "నా మంచె మీదికెక్కు సారూ. కిందికి కొడితే భూమిల్నే దిగుతది." పదేళ్ళుగా డబ్బా కొడుతూ రాత్రుళ్ళు కాపలా కాసిన మంచె అది. పందులు ఏ మూల కంచె తోసుకుని వస్తాయో, ఏ జామున వస్తాయో ఆమెకే తెలుసు. అరవై అడుగుల దూరంలో ఒకటి, ఎనభై మీటర్ల దగ్గర ఇంకొకటి, రెండు సున్నపు రాళ్ళు పెట్టించింది. రెండో రాయి దాటినదాన్ని కొట్టొద్దంది. పక్కకి తిరిగి నిలబడితేనే, ముందుకాలి వెనక, ఛాతీ కింది భాగంలో అయితేనే కాలుస్తానని ఆయన మాటిచ్చాడు.

రెండు రాత్రులు ఏమీ కాల్చలేదు. మొదటి రాత్రి రాయి అవతలే తిరిగాయి. రెండో రాత్రి పిల్లలతో ఆడపంది వచ్చింది, పెద్దమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. మూడో రాత్రి ఒంటరి మగపంది. ఒకే తూటా. పది అడుగులు పరుగెత్తి పడిపోయింది. అరగంట ఆగాక దిగారు. అన్న టార్చి పట్టుకుని ముందుకు పోబోతే పెద్దమ్మ వెనక్కి లాగింది. షూటర్ రైఫిల్ ఎక్కుపెట్టుకునే దగ్గరికి వెళ్ళి, కొమ్మతో కన్ను తాకి చూశాడు.

పొద్దున బీట్ ఆఫీసరు వచ్చి రాసుకుని, గుంత తీయించి పూడ్పించాడు. కంకులు విరిచే ఆడవాళ్ళు ఆరింటికే గట్టు మీదికొచ్చి కూర్చున్నారు. చేను నాలుగు మూలలా తిరిగి నెత్తురు మరక ఇంకెక్కడా లేదని చూసుకునేదాకా పెద్దమ్మ వాళ్ళని లోపలికి దిగనివ్వలేదు. అప్పటికి తొమ్మిదయింది. కూలి మాత్రం పూర్తి రోజుది ఇప్పించింది.