బోరబండలో కెమేరా సంచీ

హైదరాబాదులో బండ పేరున్న పేటలు ఒకటీ అరా కావు. వాటిలో బోరబండ అనగానే చాలామందికి ఎం.ఎం.టి.ఎస్. రైలు గుర్తుకొస్తుంది. 2003లో ఈ రైళ్ళు ప్రారంభమైనవి. లింగంపల్లి వైపు వెళ్ళే బండి భరత్‌నగర్ దాటి బోరబండలో ఆగుతుంది. ఆ పై స్టేషను హైటెక్ సిటీ. మధ్య దూరం ఒక్క స్టేషనే అయినా, లోకాలు మాత్రం రెండు. ఇవతల ఇరుకు సందులు, మిద్దెల మీద ఆరేసిన చీరలు, కూరగాయల బళ్ళు. అవతల 1998లో సైబర్ టవర్స్‌తో మొదలై ఇప్పటికీ పెరుగుతున్న అద్దాల మేడలు. ఫోటోల సరదా ఉన్నవాడికి ఇంతకంటే కావలసిందేముంది?

అయితే ఈ రెండు లోకాలూ ఒక్క లెన్సుకి లొంగవు. సందులో నిలబడి మిద్దెను మొత్తం పట్టాలంటే వెడల్పుగా చూసే లెన్సు కావాలి. బండి దగ్గర బేరమాడే ముసలమ్మ ముఖానికి 50 మిల్లీమీటర్లది బాగుంటుంది. దుర్గం చెరువు నీటిమీద వాలిన కొంగను దగ్గరికి తీసుకురావాలంటే పొడుగు లెన్సు తప్పదు. వెరసి మూడు. మూడూ ఎందులో పెట్టుకుని తిరగాలన్నదే ప్రశ్న.

కిందటేడు మా బావమరిది రాజమండ్రి నుంచి వస్తూ వస్తూనే కోఠీకి వెళ్ళి వీపుకి తగిలించుకునే సంచీ ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి పద్నాలుగు అరలు! “ముందు ముందు కొనబోయే లెన్సులకి కూడా చోటుంది బావా!” అన్నాడు గర్వంగా. మర్నాడు ఉదయం ఇద్దరం బోరబండలో రైలెక్కాం. ఆఫీసుల వేళ. వెనకనున్నవాళ్ళు ఆ సంచీని తోస్తున్నారు, ముందున్నవాళ్ళు తిట్టుకుంటున్నారు. పాపం, అతను దాన్ని తిప్పి పొట్టమీద పెట్టుకుని, బిడ్డనెత్తుకున్నట్టు పట్టుకు నిలబడ్డాడు. చెరువు దగ్గర కొంగ కనిపించింది. సంచీ దించి, కింద ఆనించి, జిప్పు లాగి, అర వెతికి, లెన్సు తీసేసరికి కొంగ కాస్తా కేబుల్ వంతెన అవతలికి పోయింది. 2020లో కట్టిన ఆ వంతెనే తీసుకున్నాడు చివరికి. అది ఎగిరిపోదు గదా!

సంచీకి అరలెన్ని అని కాదు చూడవలసింది. చెయ్యి ఎంతసేపట్లో లెన్సుని అందుకుంటుందీ అని. ఒక భుజం మీదుగా అడ్డంగా వేసుకునే చిన్న సంచీ అయితే నిలబడిన చోటే తెరవవచ్చు. మూత మన ఒంటివైపు కాకుండా అవతలివైపుకి తెరుచుకోవాలి. లేకపోతే మూతే చేతికి అడ్డం. అడుగుభాగం మెత్తగా వేలాడకూడదు. కింద పెట్టినప్పుడు దెబ్బ తగిలేది అక్కడే.

కొలతలు దుకాణంలో కాదు, ఇంట్లో మంచంమీద తేల్చుకోవాలి. తరచు వాడే లెన్సుని కెమేరాకి తగిలించే ఉంచి, లెన్సు కిందికి వచ్చేలా మధ్య అరలో దించాలి. ఒక పక్క పొడుగు లెన్సు నిలువుగా, రెండో పక్క 50 మిల్లీమీటర్లది. సరదాకి వాడే చిన్న కెమేరాలకైతే అడుగు పొడవు, అర అడుగు వెడల్పు, జానెడు లోతు సరిపోతుంది. బరువు కూడా సంచీ కాక కిలోంబావు దాటదు. మధ్య గోడలు కదిపి అతికించుకునే రకమైతే మరీ మంచిది. లెన్సు మారినా సంచీ మారనక్కర్లేదు.

నేను మాత్రం కొనలేదు, కుట్టించుకున్నాను. మా వీధి చివర బడిపిల్లల సంచీలకి జిప్పులు వేసే ఆయన ఉన్నాడు. పెద్ద సంచీ కుట్టమంటానేమోనని కాబోలు, ముందే అడిగాడు: “గింత సామానుకి పెద్ద బ్యాగెందుకు సార్? లెన్సులు తెచ్చి చూపెట్టుండ్రి, కొల్త తీసుకుంట.” మామూలు గుడ్డసంచీలో స్పాంజి గోడల పెట్టె ఒకటి దించి ఇచ్చాడు. చూసినవాళ్ళు టిఫిను డబ్బా అనుకుంటారు. రైల్లో అంతకంటే కాపుదల ఏముంటుంది?

సరదా మనుషుల సంగతి ఇది. పక్కవీధి కుర్రాడి సంగతి వేరు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసి ఇల్లు నడుపుతున్నాడు. అతని పొడుగు లెన్సు ఒక్కటే కిలోకి పైగా తూగుతుంది. వాయిదాల మీద కొన్నది. అది కిందపడితే ఆ ఏడు ముహూర్తాలన్నీ పోయినట్టే. “తాళి కట్టేటప్పుడు లెన్సు మార్చే టైముండదు అంకుల్” అన్నాడు. అందుకని నడుముకి గట్టి పట్టీ బిగించి, రెండే అరల సంచీ వేలాడదీసుకుంటాడు. ఒకటి తీసిన లెన్సుకి, ఒకటి పెట్టబోయే లెన్సుకి. మిగతా సామానంతా గట్టి పెట్టెలో తమ్ముడి కాపలాలో ఉంటుంది.

బరువు బాధ ఈనాటిది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ కాలంలో చిత్రాలు గాజు పలకల మీద పడేవి. పెద్ద కెమేరా, కొయ్య కాళ్ళు, పగలకూడని పలకలు, వాటిని మోసే మనుషులు! అలాంటి పలకలు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నవి. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయనకి ఉబ్బసం. పెద్ద కెమేరాతో కొండలెక్కలేక జేబులో పట్టే కెమేరా ఒకటి తయారుచేశాడంటారు. అదే లైకాగా 1925లో లైప్‌జిగ్ సంతలో వెలువడింది. 1930 నాటికి దానికి లెన్సులు మార్చుకునే వీలు వచ్చింది. కెమేరా అయితే చిన్నదయింది గాని, లెన్సుల మూట మళ్ళీ భుజానికెక్కింది.

వానాకాలం మాట ఒకటి చెప్పాలి. బోరబండలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటవి. ఎండ లోపలికి రావడం తక్కువ. తడిసిన సంచీలో లెన్సులు వదిలేసి జిప్పు వేస్తే, గాజు లోపల సాలెగూడులా బూజు పడుతుంది. ఒకసారి పట్టిందంటే బాగుచేయించడానికి లెన్సు ధరలో మంచి భాగం వదులుకోవాలి. కనక వానలో సంచీకి తొడుగు ఎంత ముఖ్యమో, ఇంటికి రాగానే లెన్సులు బయటికి తీసి సంచీని ఆరబెట్టడమూ అంతే ముఖ్యం. తేమ నూటికి అరవై దాటని చోట లెన్సుకి భయం తక్కువ. తేమ లాగే గుళికల పొట్లాలు వేసి, గాలి చొరని డబ్బాలో పెడితే చాలు. పొట్లాలు రంగు మారినప్పుడు మార్చుకోవాలి.

పెళ్ళిళ్ళ కుర్రాడి ఇంట్లో ఆ డబ్బా వంటింటి గూట్లోనే ఉంటుంది. దానిమీద వాళ్ళమ్మ పెద్ద అక్షరాలతో రాయించింది: “ఇది పప్పు డబ్బా కాదు.”