చెట్టే గోదాము

పండ్ల నిల్వ అనగానే మనకు శీతల గిడ్డంగి గుర్తుకు వస్తుంది. నిజానికి కాయ ఎన్నాళ్ళు చెడకుండా నిలుస్తుందన్నది చాలావరకు కోతకు ముందు, కొమ్మమీదనే తేలిపోతుంది. సూర్యాపేట నుండి ఖమ్మం వెళ్ళే త్రోవలోని మా మోతెలో వరిదే పెత్తనం. అయినా 2016 వరకు మేమూ నల్లగొండ జిల్లావాళ్ళమే. బత్తాయి ముచ్చట మాకు పరాయిది కాదు.

మామిడిని పచ్చికాయగా కోసినా గడ్డిలో వేస్తే మాగుతుంది. బత్తాయి అలా మాగదు. కొమ్మమీద ఎంత తీపి పట్టిందో అంతే. కానీ దానికొక సుగుణముంది. పక్వమయ్యాక కూడా కొన్ని వారాలు చెట్టుమీద ఆగగలదు. అలా ఆగినకొద్దీ ముందుగా ముసలిదయ్యేది తొక్క. మెత్తబడి బూజుకు లోనవుతుంది. దీనికి విరుగుడుగా కాలిఫోర్నియా నారింజ తోటలలో, కాయ రంగు తిరగకముందే జిబ్బరెల్లిక్ ఆమ్లం చల్లుతారు. లీటరు నీటికి 10, 20 మిల్లీగ్రాములు చాలు (గ్రాములు కాదు సుమండీ!). తొక్క బిగువు మరికొంతకాలం ఉంటుంది. లోపలి రసం మాత్రం తన దారిన తాను పక్వమవుతుంది.

రెండవది కాల్షియం. కణాల గోడలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది అదే. వేళ్ళు పీల్చిన కాల్షియం నీటితోపాటు ప్రయాణిస్తుంది. నీటిని ఎక్కువగా ఆవిరి చేసేవి ఆకులు గనుక సింహభాగం వాటికే పోతుంది, కాయకు దక్కేది స్వల్పం. అందుకే ఆపిల్ రైతులు నేలను నమ్ముకోక, కాల్షియం క్లోరైడును నేరుగా కాయలమీదనే పిచికారీ చేస్తారు. మిట్ట మధ్యాహ్నం చల్లితే ఆకులు మాడతాయి.

నల్లగొండ వైపు బత్తాయి తోట ఉన్న మా మామతో ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. ఆయన సాంతం విని,

"తొక్క గట్టిగుంటె ఢిల్లీల అమ్మేటోనికి లాభం. నాకు తరుగు తగ్గిస్తడా?" అన్నాడు.

తగ్గించడు. కాయలు దారిలో చెడిపోతాయన్న పేరిట తరుగును తోటలోనే, తూకంలోనే కోసేస్తారు. మందు కొట్టిన కాయకూ కొట్టని కాయకూ ఒకటే కోత. ఖర్చు రైతుది, నిలిచిన ప్రతిదినపు లాభం మరొకరిది. తోటను గుత్తకిస్తే సంగతి మరీ చిత్రం. గుత్తదారుకు ఈ ఏటి కాపుతోనే పని, చెట్టుతో కాదు. శాస్త్రం తోట గేటుదాకా వచ్చి ఆగిపోవడానికి రైతు అజ్ఞానం కారణమని వ్రాసేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"పది చెట్లకు కొడుత గని అల్లుడా, తరుగు తియ్యకుండ కొనేటోన్ని నువ్వు తోల్కరా" అన్నాడు మామ.

సూర్యాపేటలో పండ్ల దుకాణం నడిపే మిత్రులు ఇద్దరున్నారు. ఈ ఆదివారం వెళ్ళి అడగాలి.