చిప్పగిరికి అటూ ఇటూ: రాతిలో మిగిలిన చేతి గుర్తులు

కర్నూలు జిల్లా నైరుతి అంచున, గుంతకల్లుకు చేరువలో ఉన్న చిన్న ఊరు చిప్పగిరి. గుట్టపై పాత జైనాలయం, ఊళ్ళో హరిదాస కీర్తనకారుడు విజయదాసు స్మృతిస్థలం, చుట్టూ నల్లరేగడి చేలు. ఊరికి పడమర బళ్ళారి కొండలు, తూర్పున జొన్నగిరి, ఎర్రగుడి గుట్టలు. మొన్నటి సెలవుల్లో మేము ఇక్కడ బంధువుల ఇంట దిగి, రెండు రోజులు రెండు దిక్కులకూ వెళ్ళివచ్చాము.

భూమిపై సంచరించి, పూర్వం గతించినవారి పర్యవసానాన్ని గమనించమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల పిలుపునిస్తుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా మన మనసు ఆద్, సమూద్ జాతులు నివసించిన దూరదేశాలకు వెళుతుంది. మన ఊరి పక్కనున్న గుట్ట మాత్రం గుర్తుకు రాదు. ఈ ప్రయాణం ఆ లోటును మాకు తెలియజేసింది.

మొదటి రోజు గుంతకల్లులో రైలెక్కి, హగరి నది దాటి బళ్ళారి చేరాము. అక్కడికి సమీపంలోనే సంగనకల్లు, కుప్పగల్లు కొండలు ఉన్నాయి. సింధు లోయలో హరప్పా, మొహెంజొదారో నగరాలు క్షీణించిన తర్వాతి శతాబ్దాలలో ఇక్కడ రాతి గొడ్డళ్ళ తయారీ సాగింది. కొండను చీల్చుకొని వచ్చిన నల్లని డోలరైట్ రాతిని పగులగొట్టి, పెచ్చులు లేపి, పొడిచి, చివరకు బండపై అరగదీసి నునుపు చేసేవారు. అలా అరగదీసిన గాడులు నేటికీ బండలపై కనిపిస్తాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలో ఈ స్థలాల ప్రాముఖ్యాన్ని లోకానికి తెలిపారు. బెండపూడి సుబ్బారావు ఇక్కడ తవ్వకాలు జరిపి, 1948లో బళ్ళారి రాతియుగ సంస్కృతులపై గ్రంథం వెలువరించారు.

మాతో వచ్చిన జేజి ఒక గాడిలో అరచేయి ఆనించి, "ఈడ ఎవరో శానా కాలం నూరినార్రా" అన్నది. ఆమె తన కాలంలో ఇసుర్రాయి తిప్పిన మనిషి. పుస్తకాలు చదవకుండానే ఆ శ్రమను గుర్తించగలిగింది.

ఈ ప్రాంతంలో బూడిద దిబ్బలు కూడా ఉన్నాయి. అవి రాక్షసుల చితాభస్మమని జనం చెప్పుకొనేవారు. నిజానికి అవి పశువుల పేడ పోగుపడి కాలగా ఏర్పడిన దిబ్బలు. 1957లో మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరులో ఆల్చిన్ తవ్వినప్పుడు పశువుల గిట్టల ముద్రలే బయటపడ్డాయి. ఇక ఆ ప్రజలు తిన్నవేమిటి? సంగనకల్లు మట్టిలో దొరికిన మాడిన గింజలు దానికి జవాబు చెప్పాయి: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. ఈ మాట విన్న జేజి నవ్వింది. ఉలవచారు ఆమె చేతి వంటలలో పేరున్నది.

రెండవ రోజు తూర్పుదిక్కుగా ఎర్రగుడికి వెళ్ళాము. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు అక్కడి బండలపై ఉన్నాయి. అందులో ఒక శాసనం వింతైనది. దానిలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు సాగుతాయి. మా పిల్లలు ఉదయం మదరసాలో కుడి నుండి ఎడమకు, తరువాత బడిలో ఎడమ నుండి కుడికి చదివేవారు. రెండు నడకలూ ఒకే రాతిపై ఉన్నాయని చెప్పగానే వారి కళ్ళు మెరిశాయి. చెక్కినవాని పేరు ఇక్కడ తెలియదు. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనంలో మాత్రం చపడ అనే లేఖకుడు తన పేరు చెప్పుకొన్నాడు. తన వృత్తిని సూచించే మాటను కుడి నుండి ఎడమకు రాసే ఖరోష్ఠీ లిపిలో చెక్కాడు.

చక్రవర్తి పేరు చరిత్రలో నిలిచింది. గొడ్డలి నూరినవాడు, ఉలవలు ఉడికించిన తల్లి పేరులేకుండానే వెళ్ళిపోయారు. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) తమ చేతి కష్టంతోనే జీవించేవారని హదీసు తెలుపుతుంది. చేతిపనిని అంతగా గౌరవించే సముదాయం, చేతిపని మిగిల్చిన గుర్తులను గౌరవించకుండా ఎలా ఉండగలదు? దూది ఏకిన, మగ్గం నేసిన, రాయి కొట్టిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి.

అయితే మేము చూసినవన్నీ మన మనుమలకు మిగులుతాయన్న నమ్మకం లేదు. కుప్పగల్లు కొండపై ప్రాచీనులు చెక్కిన ఎద్దుల బొమ్మలకు కంకర క్వారీల వల్ల ముప్పు ఉందని పరిశోధకులు 20 ఏళ్ళ క్రితమే హెచ్చరించారు. బూడిద దిబ్బలను ఎరువుకు తవ్వి పొలాలకు తోలుకుపోతారు. వీటన్నిటినీ ఆపడం ఒక్క కుటుంబం వల్ల కాకపోవచ్చు. కానీ బండపై పేరు గీయబోయే పిల్లవాని చేయి పట్టి ఆపడం మన వల్ల అవుతుంది. దొరికిన రాతి పనిముట్టును జేబులో వేసుకోకుండా, పురావస్తు శాఖకు తెలియజేయడమూ మన వల్ల అవుతుంది. ఇది మనకు అప్పగించబడిన అమానతు.

తిరుగు ప్రయాణంలో మా చిన్నవాడు జేబులోంచి ఒక నల్లరాయి తీసి చూపాడు. సంగనకల్లులో ఏరుకొన్నాడట. నునుపుగా, ఒక అంచున పదునుగా ఉంది. ఏమీ అనకుండా వాని ముఖం వంక చూశాము. వాడే తలవంచుకొని, "రేపు పోయి ఇచ్చేసి వద్దాం" అన్నాడు. మరునాడు మళ్ళీ హగరి దాటాము.