పాలలో మార్ఫిన్

అమెరికా, దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ కౌంటీ. 2010 నవంబరు. అమ్మానాన్నల మంచం మీద పసిపాప ఉలుకూ పలుకూ లేకుండా కనిపించింది. పుట్టి 46 రోజులే.

పాప రక్తంలో మార్ఫిన్ తేలింది. అది తల్లిపాల ద్వారానే చేరిందని ప్రాసిక్యూషన్ వాదించింది.

తల్లి ఒకప్పటి నర్సు. కారు ప్రమాదం తర్వాత ఎంతకీ వదలని ఒళ్లునొప్పులకు మార్ఫిన్ మాత్రలు వాడేది. అవి రాసిన డాక్టరుకు గర్భం సంగతి దాచిందన్నది అభియోగం. 2014లో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. 20 ఏళ్ల జైలు. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు శిశుహింసతో ప్రాణం తీసిన నేరాన్ని ఖాయం చేసింది.

పేచీ అంతా మోతాదు దగ్గరే. పాలలోకి దిగే మార్ఫిన్ కొద్దిపాటిదే కదా, అది ప్రాణం తీసేంత ఎలా అయిందని డిఫెన్స్ నిలదీసింది. సిజేరియన్ అయిన బాలింతలకు నొప్పి తగ్గడానికి ఆస్పత్రుల్లో ఇచ్చే మందుల్లో మార్ఫిన్ కూడా ఉంది మరి!

మరో నొప్పి మందు కొడీన్ కథ వేరు. కొందరి ఒంట్లో అది చకచకా మార్ఫిన్‌గా మారిపోతుంది. అందుకే పాలిచ్చే తల్లులు కొడీన్, అలాంటిదే అయిన ట్రమడాల్ వాడొద్దని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. తల్లికి జైలుశిక్ష పడి అప్పటికి మూడేళ్లు.